తేలే ప్లాస్టిక్కు, మునిగే ప్లాస్టిక్కు: చిల్లర సామానుతో బొమ్మకు కొత్త వేషం

చొక్కా నుంచి ఊడిన గుండీ అడ్డంగా సుమారు 11 మిల్లీమీటర్లుంటుంది. 30 సెంటీమీటర్ల సైనికుడి బొమ్మ నడుముకు పెడితే అది బెల్టు బిళ్ళ. 15 సెంటీమీటర్ల బొమ్మ చేతిలో పెడితే గిన్నె మీద మూత. 9.5 సెంటీమీటర్ల బొమ్మ ముందు పెడితే టిఫిను పళ్ళెం. గుండీ మారలేదు, పక్కనున్న మనిషి మారాడు.

బజారులో కొన్న బొమ్మను ఉన్నదున్నట్టు వదిలేయకుండా, దానికి కొత్త కవచం, కొత్త ఆయుధం, కొత్త దుస్తులు తయారుచేసి తొడిగే అభిరుచి చాలా దేశాల్లో ఉంది. పిల్లలూ చేస్తారు, పెద్దలూ చేస్తారు. దీనికి కావలసిన సరుకంతా ప్రతి ఇంట్లో ఉండేదే: అయిపోయిన బాల్‌పెన్ను రీఫిల్, దాని స్ప్రింగు, సీసా మూతలు, తెగిన జిప్పు, జాకెట్టు హుక్కులు, చెవిదిద్దు శీల, మాత్రల అట్ట, పనిచేయని ఇయర్‌ఫోన్ తీగ, చీర నుంచి విడిపోయిన జరీ అంచు. వీటితో మొదలుపెట్టిన చాలామంది ఒక దశలో నిరాశపడతారు. అతికించిన ముక్క మర్నాటికి ఊడిపోతుంది, వేసిన రంగు జిడ్డు ఓడుతుంది, కుట్టిన అంగీ అట్టముక్కలా నిలబడుతుంది. అప్పుడు తమ చేతిలో నేర్పు లేదనుకుంటారు. చేతి తప్పేమీ ఉండదు. ఆ ముక్క దేనితో తయారైందో, ఎంత కొలతలో ఉందో చూడకపోవడం వల్లే ఇవన్నీ జరుగుతాయి. ఆ రెండూ చూడటం అలవాటైతే పని సులువవుతుంది. దానితోపాటు చాలా భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కూడా చేతికి వస్తాయి.

కొలత కుదిరితేనే వేషం

బొమ్మల లోకంలో మొదటి లెక్క నిష్పత్తి. 1964లో అమెరికాలో హాస్‌బ్రో సంస్థ తెచ్చిన 'జీ.ఐ. జో' బొమ్మ ఎత్తు దాదాపు 12 అంగుళాలు. ఆరడుగుల మనిషికి అది ఆరో వంతు. 1978లో కెన్నర్ సంస్థ 'స్టార్ వార్స్' బొమ్మల్ని మూడుముప్పావు అంగుళాలకు కుదించింది, అంటే దాదాపు 18వ వంతు. ఈ రెండింటికీ నడుమ ఉన్న ఆరంగుళాల బొమ్మ 12వ వంతు. ఇప్పుడు సేకరించేవాళ్ళలో బాగా వాడుకలో ఉన్న కొలత ఇదే.

12వ వంతు లోకంలో మన మిల్లీమీటరు 12 మిల్లీమీటర్లవుతుంది. 3 మిల్లీమీటర్ల రీఫిల్ గొట్టం 36 మిల్లీమీటర్ల నీటిపైపు అవుతుంది, తుపాకీ గొట్టంగానూ సరిపోతుంది. మాత్రల అట్ట మీది సెంటీమీటరు బుడగ 12 సెంటీమీటర్ల దీపం. టీ వడపోత జాలీ కిటికీ ఊచలకు, గాలి తూములకు పనికొస్తుంది. జిప్పు పళ్ళ వరుస యుద్ధట్యాంకు పట్టా అవుతుంది. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళల్లో ఈ లెక్క ఎప్పటినుంచో నడుస్తోంది. అద్దం ముక్క చెరువవుతుంది, పళ్ళెంలో మొలకెత్తించిన రాగులో ఆవాలో పచ్చటి పొలమవుతాయి. నాలుగు సెంటీమీటర్ల రాగి మొలక 12వ వంతు బొమ్మకు దాదాపు అర మీటరు పైరు. మోకాలెత్తు వరిచేలో నిలబడ్డ రైతు కావాలంటే ఇంతకన్నా మంచి సరుకు దొరకదు.

కాబట్టి ఏ ముక్కను చేతిలోకి తీసుకున్నా ముందు స్కేలు పెట్టి కొలవాలి, బొమ్మ నిష్పత్తితో హెచ్చవేయాలి, వచ్చిన కొలతలో నిజ ప్రపంచంలో ఏ వస్తువుందో ఆలోచించాలి. ఏ ముక్క ఏ వస్తువు కాగలదో ఆ గుణకారమే చెబుతుంది.

కన్ను ఎలా నమ్ముతుంది?

1977లో విడుదలైన 'స్టార్ వార్స్' సినిమా ఈ విద్యకు పెద్ద బడి. అందులోని అంతరిక్ష నౌకల నమూనాల మీద కనిపించే గొట్టాలు, పలకలు, పెట్టెలు చాలావరకు దుకాణాల్లో అమ్మే ట్యాంకులు, ఓడలు, విమానాల ప్లాస్టిక్ కిట్ల నుంచి తీసి అతికించిన ముక్కలే. కథానాయకుడి కాంతి ఖడ్గానికి పిడి ఎక్కడిదంటే, లండన్‌లో సెట్ డెకొరేటర్ రోజర్ క్రిస్టియన్ పాత పత్రికా ఫొటోగ్రాఫర్లు వాడే గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ పిడిని సంపాదించి, దానికి చిన్న చిన్న ముక్కలు జోడించి తయారుచేశాడు. ఇదే వరుసలో 1999లో వచ్చిన 'ది ఫాంటమ్ మెనేస్'లో ఒక పాత్ర మాట్లాడే పరికరం ఆడవాళ్ళ రేజరు పిడికి అచ్చు తీసి చేసింది.

ప్రేక్షకుడికి అది రేజరని ఎందుకు తట్టలేదు? వస్తువు ఎంత పెద్దదో అంచనా వేయడానికి మన కన్ను దాని మీదున్న వివరాల సాంద్రతను కూడా చూస్తుంది. నున్నటి ఉపరితలం చిన్న వస్తువుగా తోస్తుంది. గీతలు, మరలు, తూములు కిక్కిరిస్తే అదే ఉపరితలం భారీ యంత్రంగా తోస్తుంది. నౌక మీద అన్ని ముక్కలు అతికించింది అందుకే.

రెండో ఉపాయం రంగు. ఎర్ర మూత, నీలం గొట్టం, తెల్ల గుండీ పక్కపక్కన ఉంటే ప్రతి ముక్కా తన పుట్టిల్లు చెప్పేస్తుంది. మొత్తం మీద ఒకే బూడిదరంగు పూత వేయగానే పాత గుర్తులు పోతాయి. అప్పుడు కంటికి మిగిలేది వెలుగునీడలు చూపే ఆకారం ఒక్కటే. ఈ మొదటి పూతకు ఇంకో పనీ ఉంది. ప్లాస్టిక్ పూర్తిగా అపారదర్శకం కాదు. వెలుతురు దానిలోకి కొంత లోతు చొచ్చుకుపోయి, చెదిరి, పక్కనుంచి బయటికొస్తుంది. నిజమైన మనిషి తలకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు లెక్కలోది కాదు. రెండు సెంటీమీటర్ల బొమ్మ తలలో అది పెద్ద వంతు. పూత లేని బొమ్మ ముఖం మైనంతో చేసినట్టు, కవళికలు కరిగినట్టు కనబడేది ఇందువల్లనే. వెలుతురును పైనే ఆపేసే పూత పడ్డాక ముక్కూ పెదవీ స్పష్టమవుతాయి. చివరికి మెరుపు లేని వార్నిష్ వేస్తే నిజమైన వస్తువన్న నమ్మకం ఇంకా పెరుగుతుంది. పల్లాల్లో పలుచని నల్లరంగు పారించి, అంచుల మీద దాదాపు ఆరిన కుంచెతో లేతరంగు రుద్దితే చిన్న వస్తువు మీద సరిగా పడని నీడల్ని మనమే గీసినట్టవుతుంది.

గిన్నెడు నీళ్ళలో పరీక్ష

ఇక అతికించడం. బాల్‌పెన్ను ఒకటి విప్పి చూడండి. పారదర్శకంగా, గట్టిగా ఉండే పెన్ను ఒళ్ళు చాలా రకాల్లో పాలిస్టైరీన్. లోపలి రీఫిల్ గొట్టం సాధారణంగా పాలిప్రొపిలీన్. ఫెవిక్విక్ లాంటి జిగురు మొదటిదాన్ని గట్టిగా పట్టుకుంటుంది, రెండోదాన్ని పట్టుకోదు. గోరుతో గీకితే ఎండిన జిగురు పొరలా లేచి వస్తుంది.

కారణం ఉపరితల శక్తి. జిగురు పనిచేయాలంటే ముందు అది ఉపరితలం మీద పలుచగా పరుచుకోవాలి. ఉపరితలపు అణువులు ద్రవాన్ని తమవైపు బలంగా లాగితే ద్రవం పరుచుకుంటుంది, లేకపోతే బొట్టుగా ముడుచుకుంటుంది. పాలిఇథిలీన్, పాలిప్రొపిలీన్‌లలో ఉన్నది కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. విద్యుదావేశపు అసమానత లేని పొడుగాటి గొలుసులవి. వాటి ఉపరితల శక్తి మీటరుకు 30 మిల్లీన్యూటన్ల చుట్టుపక్కల ఉంటుంది. నీటి ఉపరితల తన్యత 72. సీసా మూత మీద నీటిచుక్క గుండ్రంగా నిలబడేది అందుకే. జిగురు చుక్కకూ అక్కడ సరైన పట్టు చిక్కదు.

అదృష్టవశాత్తూ ఈ రెండు ప్లాస్టిక్కుల్నీ ఇంట్లోనే పసిగట్టవచ్చు. పాలిప్రొపిలీన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.9 గ్రాములు, పాలిఇథిలీన్‌ది 0.91 నుంచి 0.97. రెండూ నీటికన్నా తేలిక. పాలిస్టైరీన్, గట్టి బొమ్మల ఏబీఎస్ సుమారు 1.05. నీళ్ళ సీసాకు వాడే పెట్ 1.38. మెత్తటి బొమ్మల పీవీసీ 1.2 నుంచి 1.4 దాకా. కాబట్టి చిన్న ముక్కను గిన్నెడు నీళ్ళలో వేసి, గాలిబుడగలు అంటుకోకుండా వేలితో ముంచి వదలండి. పైకి తేలిందా, అది జిగురుకు లొంగని జాతి. మునిగిందా, ఎక్కువ సందర్భాల్లో జిగురు పట్టుకుంటుంది. ఇప్పుడు ఆ నీటిలో ఇక కరగనంత ఉప్పు కలపండి. ఆ ఉప్పునీటి సాంద్రత 1.2 దాకా పెరుగుతుంది. పాలిస్టైరీన్, ఏబీఎస్ పైకి లేస్తాయి, పెట్ అడుగునే ఉంటుంది, పీవీసీ కూడా సాధారణంగా అడుగునే. థర్మోకోల్ లాంటి నురుగు ప్లాస్టిక్కులకు మాత్రం ఈ పరీక్ష చెల్లదు, వాటిలో నిండా గాలే ఉంటుంది.

తేలే జాతిని పారేయనక్కర్లేదు. జిగురుతో కుదరనిచోట కట్టుతో పని జరుగుతుంది. మూతకు సన్నటి రంధ్రం చేసి తీగ దూర్చి మెలిపెట్టాలి, గొట్టంలోకి బిగుతుగా పట్టే అగ్గిపుల్ల దింపాలి, గాడి కోసి ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరికించాలి. అరవింద్ గుప్తా ఈ మార్గంలోనే అద్భుతాలు చేశారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఈ ఇంజనీరు 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో చేరి, సైకిలు వాల్వు ట్యూబు ముక్కల్లోకి అగ్గిపుల్లలు దూర్చి త్రికోణాలు, చతురస్రాలు, ఇళ్ళు కట్టించారు. జిగురు చుక్క లేదు, రబ్బరు పట్టే ఆధారం. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ వాల్వు ట్యూబు కీలు ఈరోజుకీ వంగే చేతుల బొమ్మకు చవకైన అస్థిపంజరం.

తేమతో గట్టిపడే జిగురు

ఫెవిక్విక్ లాంటి జిగుర్లలో ఉండేది సయనోఅక్రిలేట్. 1942లో కొడాక్ సంస్థలో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురిచూపుకు పారదర్శక ప్లాస్టిక్ వెతుకుతుండగా ఈ పదార్థం ఎదురైంది. అన్నిటికీ అంటుకుపోతోందని అప్పుడు పక్కన పెట్టేశారు. 1951లో మళ్ళీ చేతికొచ్చినప్పుడు ఆ గుణమే దాని విలువని గుర్తించారు. 1958లో అది బజారుకొచ్చింది.

ఇది ఆరి గట్టిపడదు. ఉపరితలం మీద మన కంటికి కనబడని తేమపొర ఉంటుంది. అందులోని నీరు రసాయన చర్యను మొదలుపెడుతుంది, అణువులు క్షణాల్లో గొలుసులుగా కూడుకుంటాయి. అందుకే జిగురు ఎంత పలుచగా ఉంటే అంత త్వరగా, అంత బలంగా పడుతుంది. ఎక్కువ పోస్తే మధ్యలో తేమ చేరక పచ్చిగా ఉండిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు ఉక్కలో ఇది తొందరగా పట్టుకుంటుంది. గాలిలోకి లేచిన ఆవిరి ఆ తేమతో కలిసి చుట్టూ తెల్లటి బూడిదలా దిగడం కూడా అక్కడ ఎక్కువే. ముక్కను గాలి ఆడేచోట ఉంచితే ఆ మచ్చ తగ్గుతుంది. సందులు పూడ్చాలంటే వంటసోడా చల్లి దానిమీద ఒక చుక్క వేయాలి. సోడాకున్న క్షారగుణం చర్యను వేగిరపరుస్తుంది, వెంటనే రాయిలా గట్టిపడుతుంది, తర్వాత ఉప్పుకాగితంతో నునుపు చేసుకోవచ్చు. దూదికీ నూలుగుడ్డకీ మాత్రం ఈ జిగురు తగలనివ్వకూడదు. అక్కడ చర్య ఎంత వేగంగా జరుగుతుందంటే చర్మం కాలేంత వేడి పుడుతుంది. థర్మోకోల్ మీద వేస్తే అది తినేస్తుంది. అక్కడ తెల్ల ఫెవికాల్ వాడాలి.

పదార్థాన్ని బట్టి జిగురు ఎంచుకోవడం మన బొమ్మల తయారీదారులకు కొత్త కాదు. విజయవాడ దగ్గరి కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. చింతగింజలో ఉండే జైలోగ్లూకాన్ అనే పిండిపదార్థం సహజంగానే సెల్యులోజును పట్టుకుంటుంది. మొక్కల కణ గోడల్లో అది చేసే పనే అది. కర్ర సెల్యులోజు, రంపపు పొట్టూ సెల్యులోజే. ఆ అతుకు కర్రలో కలిసిపోతుంది, సందు పూడుతుంది, రంగు పట్టుకుంటుంది. ప్లాస్టిక్ బొమ్మలు చేసేవాళ్ళు ఎంసీల్ లాంటి ఎపాక్సీ ముద్దతో చేయించుకునే పని కొండపల్లి కళాకారులు మక్కుతో చేయించుకున్నారు. ఏది దేనిని పట్టుకుంటుందో తెలుసుకోవడమే రెండు చోట్లా అసలు విద్య.

వేడినీళ్ళు చేసే మేలు

బొమ్మ చేయి ఊడదీసి వేరే చేయి పెట్టాలంటే బలవంతంగా లాగితే విరుగుతుంది. పెద్దవాళ్ళు పొయ్యి మీంచి దించిన వేడినీళ్ళలో కాసేపు ముంచితే పీవీసీ భాగాలు మెత్తబడి, కీలు సులువుగా జారి వస్తుంది. ప్లాస్టిక్ గొలుసులు బిగుసుకున్న స్థితి నుంచి కదిలే స్థితికి మారే ఉష్ణోగ్రత ఒకటుంటుంది. మెత్తదనం కోసం నూనె లాంటి ప్లాస్టిసైజరు కలిపిన పీవీసీకి అది చాలా తక్కువ. ఏబీఎస్‌కు 100 డిగ్రీలు దాటాలి. అందుకే ఒకే గిన్నెలో చేయి మెత్తబడుతుంది, మొండెం గట్టిగానే ఉంటుంది.

పెట్టెలో నలిగి వంకరపోయిన పీవీసీ కత్తిని వేడినీళ్ళలో ముంచి చూస్తే అది తనంతట తానే నిటారవుతుంది. పోతపోసినప్పుడు గొలుసులు సర్దుకున్న తీరు దానికి అసలు రూపం. చల్లగా ఉన్నప్పుడు వంచితే గొలుసులు ఒత్తిడిలో చిక్కుకుంటాయి. వేడి తగలగానే విడుదలై పాత చోటికి పోతాయి. కొత్త వంపు కావాలంటే వేడిలో వంచి, అలాగే పట్టుకుని చల్లటి నీటిలో ముంచాలి.

ఆ ప్లాస్టిసైజరే రంగుకు శత్రువు. అది మెల్లగా పైకి ఊరుతుంది. మెత్తటి బొమ్మ మీద వేసిన కొన్ని ఎనామెల్, స్ప్రే రంగులు నెలలు గడిచినా జిగటగా ఉండేది ఇందువల్లనే. సబ్బునీటితో కడిగి, నీటితో కలిపే అక్రిలిక్ రంగును పలుచటి పొరలుగా వేయడం మేలు.

గుడ్డ ఎందుకు మడతపడదు?

బొమ్మ దుస్తుల్లో ఎదురయ్యే చిక్కును 1930లో వస్త్ర భౌతికశాస్త్రవేత్త ఎఫ్.టి. పియర్స్ కొలతలోకి తెచ్చాడు. గుడ్డ పట్టీని బల్ల అంచు నుంచి నెమ్మదిగా బయటికి జరిపితే, కొంత దూరం పోయాక అది బరువుకు వంగుతుంది. బల్ల అంచు నుంచి పట్టీ కొస దాకా గీసిన గీత 41.5 డిగ్రీలు కిందికి వాలినప్పుడు, బయట వేలాడే పొడవులో సగాన్ని వంపు పొడవు అంటారు. మామూలు నూలుగుడ్డకు అది రెండు సెంటీమీటర్లనుకోండి. మనిషి ఒంటి మీద రెండు సెంటీమీటర్ల మడతలు అందంగా ఉంటాయి. 12వ వంతు బొమ్మ మీద అవే 24 సెంటీమీటర్ల మడతలు. అంగీ అట్టలా నిలబడక ఏం చేస్తుంది?

పలుచటి గుడ్డ తీసుకుంటే సరిపోతుందా? వంగడానికి ఎదురుతిరిగే గుణం మందానికి ఘనంగా తగ్గుతుంది, కిందికి లాగే బరువు మందంతో సమానంగా తగ్గుతుంది. లెక్క వేస్తే, ఒకే పదార్థపు పొరకు వంపు పొడవు 12 రెట్లు తగ్గాలంటే మందం 12 రెట్లు కాదు, దాదాపు 42 రెట్లు తగ్గాలి. అలాంటి బట్ట అంగడిలో దొరకదు. కాబట్టి మడతల్ని భూమ్యాకర్షణకు వదిలేయకుండా మనమే పెట్టాలి. టిష్యూ కాగితాన్ని నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో తడిపి బొమ్మకు చుట్టి, పుల్లతో కుచ్చెళ్ళు దిద్ది ఆరబెట్టాలి. గుడ్డే కావాలంటే పాత మల్లు పంచె ముక్క తీసుకుని, అంచులో ఇయర్‌ఫోన్ తీగలోని సన్నటి రాగిపోగు దాచి కుట్టాలి. అప్పుడు అంగవస్త్రం గాలికి ఎగిరినట్టు కూడా నిలబడుతుంది.

ఆయుధాలకూ ఇదే జాగ్రత్త. ఇనుప నట్టు గదలా బాగుంటుంది. కాని ఇనుము ఏబీఎస్ కన్నా ఏడు రెట్లకు పైగా బరువు, అది చేతి కొసన ఉంటే భుజం కీలు మీద తిప్పుడుబలం చేయి పొడవుతో హెచ్చి చేయి వాలిపోతుంది. బోలు మూత మీద లోహపు రంగు వేస్తే చాలు. వదులైన కీలుకు పలుచటి ఫెవికాల్ పొర పూసి, పూర్తిగా ఆరాక బిగిస్తే ఘర్షణ పెరిగి నిలబడుతుంది. గోళ్ళరంగు మాత్రం పూయకండి, అందులోని ద్రావకాలు ఏబీఎస్‌ను, పాలిస్టైరీన్‌ను కరిగిస్తాయి.

పిల్లల చేతికిచ్చే ముందు

ఈ సామాను పెట్టెలో మూడింటికి చోటివ్వకూడదు. మొదటిది గుండీ బ్యాటరీ. మింగితే అన్నవాహికలో తడి తగిలి విద్యుత్తు పారుతుంది, రుణ ధ్రువం దగ్గర క్షారం పుట్టి రెండు గంటల్లోనే కణజాలాన్ని తీవ్రంగా కాల్చేయగలదు. మింగారన్న అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. రెండోది చిన్న, బలమైన అయస్కాంతం. రెండు మింగితే పేగు గోడల్ని మధ్యలో నొక్కిపెట్టి చిల్లు పొడుస్తాయి. మూడోది పెచ్చులూడే పాత పెయింటు ముక్క. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎమ్‌కు పరిమితం చేస్తూ 2016లో నిబంధనలు వచ్చాయి. అంతకుముందటి రంగుల్లో సీసం ఎంతైనా ఉండవచ్చు. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో గుండీలు, పూసలు కూడా అందకుండా ఉండాలి. సూపర్‌గ్లూ, కత్తి, వేడినీళ్ళు పెద్దల చేతిలోనే ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి. పీవీసీని కాల్చినా, కాల్చిన సూదితో పొడిచినా హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఆ పని ఎవరూ చేయకూడదు.

ఇంత జాగ్రత్త చెప్పాక కూడా ఈ పనిని పిల్లలకు నేర్పమనే అంటాను. సాంద్రత, ఉపరితల తన్యత, పాలిమర్లు, తిప్పుడుబలం పాఠ్యపుస్తకంలో వేర్వేరు అధ్యాయాల్లో వస్తాయి, వేర్వేరు పరీక్షల్లో పోతాయి. బొమ్మకు ఒక డాలు అతికించాలనుకున్న పిల్లకు అవన్నీ ఒకే మధ్యాహ్నం ఒకేచోట అవసరమవుతాయి. సీసా మూత ఎందుకు అతకదో తన గిన్నెలో తానే తేల్చుకున్న పిల్ల, పారేయబోయే ప్రతి వస్తువునూ తర్వాత మూడు ప్రశ్నలడుగుతుంది: ఇది ఎంత, దేనితో చేసింది, దేనిని పట్టుకుంటుంది? ఆ ప్రశ్నలడగడం అలవాటైతే ఆమె చదువు ఎటు సాగినా అక్కరకొస్తుంది. ఇంట్లో చిల్లర సామానుకు ఒక డబ్బా కేటాయించి, సెలవురోజున పెద్దవాళ్ళు పక్కన కూర్చుంటే దానికి కావలసిన ఏర్పాటంతా పూర్తయినట్టే.